ఎప్పుడూ తలపడని ఇద్దరు మెక్సికన్లు

శీనూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

పొద్దున రావులపాలెం అరటి మార్కెట్లో మళ్లీ ఆ మెక్సికో బాక్సర్ల గొడవ లేచింది. కేబుల్ టీవీలో మనం చూసిన ఆ ఇద్దరే. ఒకడు దెబ్బలు తింటూ ముందుకే నడిచే రకం, ఇంకొకడు తప్పించుకుని కొట్టే రకం. ఒకే కాలంలో ఎదురుపడి ఉంటే ఎవడు గెలిచేవాడని.

టీ కొట్టు సూరిబాబు నన్ను కదిపాడు. "ఏం కామ్రేడూ, ఆకలి తెలిసినోడే గెలుస్తాడంటావుగా. చెప్పు మరి."

నిరుడు నీతో అన్నదీ అదే, ముందుకే నడిచే ఆ మొదటివాడే గెలుస్తాడని. పార్టీ కరపత్రాల్లో చదివిందంతా నీమీద కుమ్మరించాను. "ఆకలి ఇద్దరికీ తెలుసురా. రెండోవాడు తప్పుకోవడం కూడా నేర్చుకున్నాడు" అని నవ్వావు. నాకు ఒళ్లు మండింది. గెలలు మోసి భుజాలు కాయలు కాసినవాణ్ణి పట్టుకుని డబ్బున్నోళ్ల తొత్తువన్నాను. తర్వాత మూడు వారాలు మాట్లాడలేదు. నీకు కామెర్లని తెలిసినా, ముందు నువ్వే పలకరించాలని బిగదీసుకు కూర్చున్నాను. నాలుగో వారం నువ్వు లేవు.

ఇవాళ నీ మాటే చెప్పాను. వేలాడే గెల ముందు నిలబడి, అప్పట్లో నువ్వు చూపించినట్టే తల పక్కకి తప్పించి, డొక్కలో దెబ్బ ఎలా పడుతుందో చూపించాను. "అయితే రెండోవాడేనండీ" అని అందరూ ఒప్పుకున్నారు. సంతోషమూ లేదు, ఏడుపూ రాలేదు. టీ తాగేసి లారీకి గెలలెత్తాను.

కానీ శీనూ, నేనిప్పటికీ మొదటివాడే గెలుస్తాడనుకుంటున్నాను. ఆ మాట ఎవరితో అనాలో తెలియలేదు.