మరియ నుదుటి మీద నూనె

శుక్రవారం, రుసైల్, ఒమన్

చెయ్యి ఒకరిదీ అధికారం మరొకరిదీ అయితే, ఆ దీవెన ఎవరిది? నేను ఎం.ఏ. చదివిన నాటి ప్రశ్న. మధ్యయుగపు జర్మనీలో ఆర్చ్‌బిషప్ యుద్ధాల్లో, రాజకార్యాల్లో ఉంటే, ఆయన బదులు ఊరూరా తిరిగి జనానికి నూనె రాసి దీవించింది సహాయ బిషప్పే.

ఈరోజు ఆ ప్రశ్న నా మీదికే వచ్చింది. పక్క విల్లాలో పనిచేసే కడప మరియకు రేపు ఆపరేషన్. మా చర్చి ఫాదర్ ఎక్కడో దూరాన సలాలా వెళ్ళారు. అందుకని మరియ కొబ్బరినూనె సీసా పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"రోగులకు నూనె ఫాదరే రాయాలి మరియా."

"ఆయనొచ్చేదాంక డాక్టరు ఆగుతాడా? నీ చెయ్యేమన్నా అరిగిపోతాదా అక్కా?"

నుదుట సిలువ గుర్తు వేసి రాశాను. "ఇంక నాకు భయం ల్యా," అంటూ వెళ్ళిపోయింది.

సహాయ బిషప్పుకు అభిషేకమైనా ఉంది. నాకేముంది? రేపు పొద్దున ఫోన్ చేసి అది చెల్లదని చెప్పాలో, ఆ ధైర్యంతోనే ఆపరేషన్‌కి వెళ్ళనివ్వాలో తేల్చుకోలేకపోతున్నాను.