మస్తాన్ ఎనభై దగ్గర ఆపేస్తాడు

మంగళవారం రాత్రి, వేంపల్లె

నిద్ర పట్టడం లేదు. పక్కింటి మస్తాన్ కరెంటు కారు కొన్నప్పుడు ఊరికే ఆట పట్టించాను. "ఎనభై శాతం దాటి ఛార్జింగ్ ఎక్కిస్తే మన ఎండలకు బ్యాటరీ పగుల్తాదప్పా" అన్నాను. ఆనాటి నుంచి అన్నం ముందు నుంచి లేచి పోయి మరీ ఎనభైకి స్విచ్ ఆపుతున్నాడు. అది చెప్పి వీధినంతా నవ్వించాను.

ఈ రోజు మేమిద్దరం ఒంటిమిట్ట నుంచి వస్తుంటే మీటరులో ఇంకా పన్నెండు శాతం ఉండగానే కారు ఆగిపోయింది. ఈ రకం బ్యాటరీని వారానికొకసారి నూరు దాకా నింపకపోతే లోపలి సెల్లులు సమం కావనీ, మీటరు తప్పు చూపిస్తుందనీ, ఎంత చూపినా ఎక్కడ ఆగుతుందో చెప్పలేమనీ కారు చూసిన మెకానిక్ చెప్పాడు.

రేపు తెల్లారే మస్తాన్ కూతుర్ని కాన్పుకు అదే కారులో కడప ఆసుపత్రికి తీసుకుపోవాలి.

"ఆ పొద్దు తమాషాకు చెప్పినా మస్తానూ. ఈ రాత్రికి నూరు ఎక్కించు" అన్నాను.

వాడు నవ్వాడు. "మెకానిక్కుకు గూడా నువ్వే నేర్పించినావా అన్నా? బిడ్డ కాన్పు పెట్టుకోని నాతో ఆటలాడతాండావే."

ఇప్పుడే ఎనభైకి స్విచ్ ఆపిన చప్పుడు వినిపించింది. ఆ స్విచ్ వాళ్ల ఇంటి బయటి గోడకే ఉంది. ప్రహరీ దూకి నేనే వేసి వస్తాను. పట్టుబడితే మాత్రం, ఇది తమాషా కాదంటే ఈ వీధిలో నమ్మేదెవరు?