కొట్టు లెక్కలు బయటికిచ్చిన సంగతి

ఏమోయ్,

ఇక్కడ నేను, చిన్నది, కొట్టు ముగ్గురం కులాసా. నువ్వూ అక్కడ వేళకి తింటూ, కాస్త నిద్రపోతూ ఉన్నావనుకుంటున్నాను. కొట్టుని కూడా మనుషుల్లో కలిపేశానని నవ్వకు. నువ్వు వెళ్లిన ఈ తొమ్మిది నెలల్లో నాతో ఎక్కువసేపు గడిపింది అదే.

ప్రతి ఆదివారం ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం, మళ్లీ ఇంత లావు కవరు ఎందుకొచ్చిందా అనుకుంటావేమో. ఫోనులో నీ గొంతు వినగానే అంతా బాగుందనే చెప్పాలనిపిస్తుంది. కాగితం ముందు ఆ మొహమాటం లేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు చేసిన పెట్టుడు కాలు తొడుక్కుని ఆ పోస్టుమాస్టరుగారు వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచారని రాసిన చోట ఆగిపోయి, దర్జీని పిలిచి అతనికీ వినిపించాను. అతను కుట్టు ఆపి, 'అమ్మగారు కుర్చీలకి కాళ్లు వేస్తుంటే చూశాను గానీ మనుషులకి కూడానా' అన్నాడు. మోకాలి దగ్గర మెత్తకి మనం కుర్చీ చేతులకి వాడే ఫోమునే కోసి చూపించావట కదా. మీ మాస్టారు మెచ్చుకున్నారంటే నాకేం ఆశ్చర్యం లేదు. ఫోము కోయడంలో నీ చెయ్యి సంగతి నాకు తెలుసు.

నువ్వడిగినవి చెబుతాను. మిషనుకి బెల్టు మార్పించాను, ఇప్పుడు గొణుగుడు తగ్గింది. వెనక గదిలో చెమ్మకి కారణం గోడ కాదు, పైన నీళ్ల గొట్టం పగిలింది. ప్లంబరు వచ్చి బాగుచేశాడు. గోడ ఆరుతోంది, ఆరాక సున్నం వేయిస్తాను. చిన్నదానికి కళ్లజోడు వచ్చింది. పెట్టుకున్న మొదటి రోజే నా చొక్కా మీద ఎన్ని జిగురు మరకలున్నాయో లెక్కపెట్టి చెప్పింది. లెక్కల్లో అది నీ పోలికే.

ఇక చివర్న మాటవరసకి అన్నట్టు ఒకటి అడిగావు, 'కొట్టు లెక్కలు ఏ రోజుకి ఆ రోజు రాస్తున్నారు కదూ?' అని.

రాయలేదు.

మొదటి పదిరోజులూ రాశాను. తర్వాత ఒకరోజు పని ఒత్తిడిలో మానేశాను. మర్నాడు రెండు రోజులవి కలిపి రాద్దామనుకున్నాను. ఆ రెండు నాలుగయ్యాయి. చివరికి బిల్లు కనిపించడం ఆలస్యం ఫోము తుక్కు వేసే సంచీలో పడేయడం మొదలుపెట్టాను. కళ్ల ముందు లేకపోతే లేనట్టే అనుకున్నాను. వెళ్లేముందు నువ్వు ఎవరికైనా అప్పగిద్దామన్నావు. నాలుగు అంకెలు వేయడానికి మనిషి కావాలా అని నవ్వాను. ఆ నవ్వు నాకింకా గుర్తుంది, నీకూ గుర్తుండే ఉంటుంది.

ఈలోగా సినిమా హాలు పని వచ్చింది. మూడువందల పన్నెండు సీట్లకి కొత్త రెక్సిను, సగానికి పైగా కొత్త ఫోము. నీతో ఫోనులో గొప్పగా చెప్పాను. నువ్వు అప్పుడే బిల్లు ఎలా వేశారని అడిగావు. బాగానే వేశానని మాట తప్పించాను. పని మాత్రం నిజంగా బాగా వచ్చింది. రెండున్నర నెలలు నేనూ దర్జీ నడుములు విరగ్గొట్టుకున్నాం. ఆఖరి వరుస బిగించాక ఇద్దరం చీకటి హాల్లో పక్కపక్కనే కూర్చుని, తెల్ల తెర కేసి కాసేపు ఊరికే చూశాం. మన కొట్టు పుట్టిన దగ్గర్నుంచి అంత పెద్ద పని రాలేదు.

అది అయిన నెలకి పన్నుల ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. సినిమా హాలు వాళ్లు తమ లెక్కల్లో మనకిచ్చిన డబ్బు చూపించారట. దాన్నిబట్టి చూస్తే మన అమ్మకాలు చట్టంలో పెట్టిన హద్దు దాటినట్టున్నాయి, వ్యాట్ కింద పేరు ఎందుకు నమోదు చేయించుకోలేదో ముప్ఫై రోజుల్లో చెప్పమని అడిగారు. చదివాను. మళ్లీ చదివాను. మడిచి ఫోము షీట్ల అడుగున పెట్టేశాను.

అక్కడ అది పందొమ్మిది రోజులుంది. మధ్యలో రెండు ఆదివారాలు నీతో మాట్లాడాను. ఎలా ఉన్నారంటే బ్రహ్మాండంగా ఉన్నామన్నాను. తలుపు దగ్గర ఎవరైనా చేతిలో ఫైలుతో కనిపిస్తే సుత్తి వేలు మీద పడేది. నీకు చెబితే ఏం చేస్తావో తెలుసు. చదువు మధ్యలో ఆపి మొదటి బండి ఎక్కేస్తావు. నలభై ఏళ్లకి దొరికిన సీటు, మళ్లీ దొరకదు. నీ కోసమే దాచానని చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, నా నవ్వు నాకే తిరిగొస్తుందన్న సిగ్గు.

కాగితం చిన్నదానికి దొరికింది. బడి ప్రాజెక్టుకి ఫోము ముక్క కావాలని షీటు లాగింది. చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని అడిగింది.

"నాన్నా, ఇది అమ్మకి తెలుసా?"

తెలియదన్నాను. చెబుతానన్నాను. ముందు దీని సంగతి తేల్చి తర్వాత చెబుతానని బతిమాలుకున్నాను. అది ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది. తేలిన వారంలోపు నా చేత్తో నేనే నీకు రాయాలి, లేకపోతే అదే రాస్తుంది. ఈ ఉత్తరం ఇవాళ రావడానికి కారణం అదే. వారం రేపటితో అయిపోతుంది.

మర్నాడు పక్క కొట్టు గడియారాలాయనకి సంగతి చెప్పాను. ఆయన కంటికున్న భూతద్దం కూడా తీయకుండా, మీరింకా లెక్కలమ్మ దగ్గరికి వెళ్లలేదా అన్నాడు. ఆవిడ పదకొండు కొట్లకి ఇంట్లో కూర్చుని లెక్కలు రాస్తుందట. మనం నెలకోసారి బిల్లులన్నీ కవరులో వేసి ఇస్తే చాలట. తనకి గడియారం విప్పడం వచ్చుగానీ పన్ను ఫారం విప్పడం రాదని, ఆరేళ్లుగా ఆవిడకే ఇస్తున్నానని చెప్పాడు. ఆరేళ్లుగా మన గోడకి అవతల ఇంత సుఖంగా ఒక మనిషి ఉన్నాడని నాకు తెలియదు.

లెక్కలమ్మకి యాభై దాటి ఉంటాయి. ముందుగదిలో గోడ పొడుగునా అట్టపెట్టెలు, ఒక్కో కొట్టుకి ఒక్కో పెట్టె. నేను సంచీ బోర్లిస్తే బిల్లులతోపాటు ఫోము తుక్కు బల్లంతా రాలింది. తిడుతుందనుకున్నాను. చీపురు తెచ్చి తుక్కు ఊడ్చి, "సగం పని సంచీ దులపడమే మేస్త్రీగారూ, అది అయిపోయింది" అంది.

తర్వాత వ్యాట్ అంటే ఏమిటో చెప్పింది. నీకు తెలిసిందే అయినా నాకెలా అర్థమైందో రాస్తాను, తప్పుంటే దిద్దు. మనం వంద పెట్టి గుడ్డ కొంటే, పన్ను నూటికి పది అనుకో, గుడ్డలాయనకి పది పన్ను కడతాం. ఆ గుడ్డ వేసిన కుర్చీ మూడొందలకి అమ్మితే, కొన్నవాళ్ల దగ్గర ముప్ఫై పన్ను తీసుకుంటాం. ముప్ఫైలోంచి మనం ముందు కట్టిన పది తీసేసుకుని, మిగతా ఇరవై ప్రభుత్వానికి పంపుతాం. అంటే ఆ డబ్బు ఎప్పుడూ మనది కాదు, మన చేతి మీదుగా వెళుతుంది, అంతే. కానీ ఆ పది తీసేసుకోవాలంటే గుడ్డలాయన ఇచ్చిన సరైన బిల్లు ఉండాలి, దాని మీద ఆయన నమోదు నంబరు ఉండాలి. ఇక్కడే నా తెలివి బయటపడింది. సినిమా హాలు సీట్లకి కొంత రెక్సిను బిల్లు లేకుండా చవగ్గా కొన్నాను. మిగుల్చుకున్నానని జబ్బలు చరుచుకున్నాను. ఆ రెక్సిను మీద తగ్గింపు ఒక్క పైసా రాలేదు. మిగిలిందనుకున్న దానికంటే పోయిందే ఎక్కువ.

అంతకంటే పెద్ద గండం, సినిమా హాలుకి నేను పన్ను వేయకుండా బిల్లిచ్చాను. ఇప్పుడా పన్ను నా చేతిలోంచే కట్టాలేమోనని చెమటలు పట్టాయి. లెక్కలమ్మ మాత్రం నింపాదిగా, వాళ్లు కూడా నమోదైనవాళ్లే కదా, మీకిచ్చిన పన్ను వాళ్లు తమ లెక్కలో తగ్గించుకుంటారు, వెళ్లి అడగండి అంది. వెళ్లాను. హాలు మేనేజరు గదిలో నేను వేసిన కుర్చీలోనే నన్ను కూర్చోబెట్టారు. అది మెత్తగానే ఉంది కానీ నాకు ముళ్ల మీద ఉన్నట్టుంది. సవరించిన బిల్లు ముందు పెట్టి, తప్పు నాదేనని, నాకు తెలియలేదని చెప్పాను. ఆయన బిల్లు అటూ ఇటూ తిప్పి, ఫోనులో వాళ్ల అకౌంటెంటుతో రెండు ముక్కలు మాట్లాడి, "మాకిందులో పోయేదేం లేదు, ఈ మాట చెప్పడానికి ఇన్ని రోజులు ఎందుకు భయపడ్డారు?" అన్నారు. వారంలో పన్ను డబ్బు పంపారు.

హద్దు దాటిన దగ్గర్నుంచి ఇళ్లవాళ్లకి చేసిన చిన్న పనులకి మాత్రం వెనక్కి వెళ్లి అడగలేను. ఆ పన్ను మనమే భరించాం. ఆలస్యానికి జరిమానా కూడా పడింది, అయితే కాగితాలన్నీ గడువులోపు మనంతట మనమే పట్టుకెళ్లామని తగ్గించి, మూడు విడతలు చేశారు. రెండు కట్టేశాను. కొత్త స్టేపుల్ మిషను వచ్చే ఏడాదికి వాయిదా పడింది. నీ ఫీజు డబ్బు ముట్టుకోలేదు, ఆ బెంగ పెట్టుకోకు. పోయిన వారం నమోదు కాగితం చేతికొచ్చింది. అది వచ్చాక రాసిన మొదటి పన్ను బిల్లు ఎవరికో తెలుసా, లెక్కలమ్మకే. ఆవిడ కుర్చీ మెత్త చిరిగి గుర్రపు జూలులా వేలాడుతుంటే చూడలేక తెచ్చి వేసిచ్చాను. ఊరికే ఉంచండమ్మా అంటే ఒప్పుకోలేదు. బిల్లు రాయించుకుని, పన్ను సరిగ్గా వేశానో లేదో కూడిక చూసి మరీ డబ్బిచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే ఉత్తరం బాగుండేది. కానీ అసలు చెప్పాల్సింది ఇంకా మిగిలిపోయింది.

పాత ఏళ్లలో మనం హద్దు దాటలేదని చూపించడానికి నీ పదకొండు లెక్కల పుస్తకాలూ లెక్కలమ్మకి ఇచ్చాను. ఆవిడ ఒక్కొక్కటే తిరగేస్తుంటే ఎదురుగా కూర్చున్నాను. ప్రతి పుస్తకం ఆఖరి పేజీలో ఆ ఏడాది మొత్తం అమ్మకం, దాని కింద నీ చేతిరాతతో 'హద్దుకి ఇంకా ఇంత దూరం' అని ఒక అంకె. పదకొండేళ్లూ రాశావు. ఆఖరి పుస్తకంలో దాని కింద ఇంకో ముక్క ఉంది. 'ఈసారి పెద్ద పని ఒప్పుకుంటే ముందు పేరు నమోదు చేయించండి.' నా కోసం రాసి వెళ్లావు. నేను ఆ పుస్తకం తెరవనేలేదు.

లెక్కలమ్మ పుస్తకాలు మూసి, ఇంత శుభ్రమైన లెక్కలు తను చూడలేదంది. ఎవరు రాశారని అడిగింది. మా ఆవిడ అన్నాను.

"ఎంత ఇచ్చేవారు?"

పుస్తకాలు వరసగా పేర్చడం మొదలుపెట్టాను. అంతకు అయిదు నిమిషాల ముందే ఆవిడ తన నెల రుసుం చెప్పింది, నేను బేరమాడకుండా ఒప్పుకున్నాను. ఇంటికొచ్చి ఆ అంకెని పన్నెండుతో, ఆ వచ్చిందాన్ని పదకొండుతో హెచ్చవేశాను. రెండోసారి కూడా వేశాను, తప్పేమోనని. పగలంతా నువ్వు గుడ్డలు కోసి, కుట్టి, వచ్చినవాళ్లతో మాట్లాడి, ఆపైన ఇది రాశావు. ఎవరడిగినా నేను 'మా ఆవిడ కూడా ఏదో సాయం చేస్తుంటుంది' అనేవాణ్ణి. నువ్వు పక్కనే ఉండగా కూడా అన్నాను. నువ్వొక్కసారీ ఏమీ అనలేదు. నేను దాచిన కాగితం పందొమ్మిది రోజులదే, ఇది పదకొండేళ్లది. క్షమించమని రాయడానికి కూడా మొహం చెల్లడం లేదు, అయినా రాస్తున్నాను.

తిరిగొచ్చాక లెక్కలు మళ్లీ నువ్వే చూసుకుంటానని పోయిన నెల అన్నావు. వద్దు. ప్రతి నెలా అయిదో తారీఖుకి నేనే కవరు తీసుకెళ్లి లెక్కలమ్మకిస్తాను, మూడు నెలలకోసారి ఆవిడ ఫారం నింపి, నాకర్థమయ్యేలా చదివి వినిపించి సంతకం పెట్టిస్తుంది. రాసేది ఆవిడ, బాధ్యత నాది. నువ్వు కాళ్లు చేయి.

కవరు లావుగా ఉండటానికి కారణం లోపలున్న దస్తావేజు చిత్తుప్రతి. అయిపోయిన లెక్క నా పేరు మీదే తేలాలట, తేలింది. కొత్త సంవత్సరం నుంచి కొట్టుని ఇద్దరి భాగస్వామ్యంగా మార్చవచ్చని లెక్కలమ్మ చెప్పింది. సగం నీది, సగం నాది. మొదటి గడిలో నీ పేరు రాశాను, అక్షరాలు వంకరగా వస్తాయని చిన్నదానితో గీతలు కొట్టించుకుని మరీ రాశాను. సంతకం చోటు ఖాళీగా ఉంది. తొందరేం లేదు, నిదానంగా చదువుకో. నా మొహం చూసి మాత్రం పెట్టకు. నీకు కొట్టు వద్దు, కాళ్ల పనే చాలనిపిస్తే ఆ చోటు అలాగే వదిలేసి పంపు, ఆ పదకొండేళ్ల డబ్బు నెలనెలా నీ ఖాతాలో వేస్తాను. ఎలా అయినా నాకు సమ్మతమే. ఏది చేసినా నీకిష్టమై చెయ్యి.

ఇట్లు,
ఆలస్యంగా కూడిక నేర్చుకున్న
మీ ఆయన

ఇది చదివి, అక్షరదోషాలు రెండు దిద్ది, 'సరే, ఇప్పుడు పోస్టు చెయ్యి' అన్నది
నీ కూతురు