పేగులో పట్టిన బూజు

హిందూపురం,
శుక్రవారం, 8 ఆగస్టు 2025.

ధర్మవరంలోని షబానా వదినకు మీ తమ్ముడి భార్య సాజిదా సలాములు చేసి రాస్తున్నది. మీరూ అన్నా చల్లగా ఉండాలని రోజూ దువా చేస్తున్నాను. కుట్టు దగ్గర ఇంకా లాగుతోందన్నారు, బిందెలెత్తకండి.

ఫోన్ చేస్తే నా గొంతు విని కనిపెట్టేస్తారని ఉత్తరం రాస్తున్నాను. బట్టల కోసం బెంగళూరు నుంచి పొద్దున రైల్లో వచ్చాను, మధ్యాహ్నం బండికి తిరిగి పోవాలి. పక్కింటి యల్లప్ప ధర్మవరం వస్తున్నాడు, అతని చేతికిస్తాను.

మీ తమ్ముడికి నెల నుంచి కడుపునొప్పి. మీకు గ్యాస్ అని చెప్పాం. రెండు వారాల కిందట పెనుకొండలో ఎవరింట్లోనో మోటారు బిగిస్తూ కూలబడ్డారు. ఇంటికొచ్చాక దొడ్డికి పోయివచ్చి, "సాజిదా, అంతా నెత్తురే పోతాండాది" అన్నారు.

మీకు చెకప్ అని చెప్పి బెంగళూరు తీసుకుపోయాం. కిడ్నీ డాక్టరమ్మ కడుపు లోపల చూసే గొట్టం వేయించి, పేగు ముక్క పరీక్షకు పంపింది. కేన్సర్ కాదంటే ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత చెప్పింది, పేగులో ఫంగస్ పట్టిందని. బూజు వదినా! నిలవ రొట్టె మీద పడుతుందే, అలాంటిదే. గాలిలో అందరికీ తగులుతుందట, మనల్నేమీ చేయదట. మీరిచ్చిన కిడ్నీని ఆయన ఒళ్లు తోసేయకుండా మాత్రలు వేస్తున్నాం కదా, వాటివల్ల ఆయనకు దాన్ని ఎదిరించే బలం లేదు. పేగును నల్లగా చంపుకుంటూ పోతోందట.

ఏం వండిపెట్టానో అని ఒక్కో పూటా తలచుకుంటున్నాను. నీ తప్పు కాదమ్మా అంది డాక్టరమ్మ. అయినా ఇంట్లో అడుగు పెట్టగానే గోడ మీద చెమ్మ మరక చూసి చీపురుతో గీకేశాను. రొట్టెల డబ్బా, ఊరగాయ జాడీ బయట పారేశాను. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నానో.

చెడిన పేగు కోసేయాలట. ఆ మాత్రలు ఆపాలట. బూజుకు ఎక్కించే మందు కూడా కిడ్నీని దెబ్బతీస్తుందట. ముందు మనిషి బతకాలి కదమ్మా అని సంతకం అడిగింది. ఆయనకు కిడ్నీ కావాల్సి వచ్చినప్పుడు అందరూ వద్దంటున్నా మీరు బస్సెక్కి వచ్చి, "నా తమ్మునికి నేనీకపోతే ఎవురిస్తారు?" అన్నారు. అది మీ ఒంట్లోది. మిమ్మల్ని అడగకుండా సంతకం ఎలా పెట్టను? ఒక్క మాట చెప్పండి వదినా.

మీ చెల్లెలి వంటి
సాజిదా

తా.క.: మడిచిన ఉత్తరం మళ్లీ విప్పాను. పైన మిమ్మల్ని అడిగినదంతా ఉత్తదే. సంతకం మంగళవారమే పెట్టాను. గంట కూడా ఆగేలా లేదన్నారు. జానెడు పేగు తీసేశారు. ఆయన బతికే ఉన్నారు, బూజు మొత్తం పోయిందని మాత్రం ఎవరూ అనడం లేదు. నిన్నటి నుంచి కిడ్నీ పని చేయడం లేదు. ఆ సంగతి ఆయనకు ఇంకా తెలియదు. నిన్న సాయంత్రం కళ్లు తెరిచి, "అక్కది ఎట్లుండాది?" అని అడిగారు.

బాగుండాదని చెప్పాను.