ఎడమ పోస్టు

బెంగుళూరు,
12 జూన్ 2003

ప్రియమైన నవ్వీ,

నాగర్‌కర్నూలు బడిలో ఆటల టీచరుగా చేరావని మా అబ్బా ఉత్తరం రాశాడు. వనపర్తి గ్రౌండులో నాతో ఆడిన దానివి, ఇప్పుడు విజిల్ ఊదుతున్నావన్నమాట.

ఇక్కడ శిబిరంలో ఏదో జరుగుతోంది. రెండేళ్లుగా ఇండియా హాకీ జట్టు గోల్‌కీపర్‌ని, ఇంత తేలిక గోల్స్ ఎప్పుడూ ఇవ్వలేదు. అన్నీ ఎడమ పోస్టు పక్క నుంచే దూరుతున్నాయి. సరిగ్గా బంతి వచ్చే వేళకే, గోల్ ముందు కాయాల్సిన మా ఫుల్‌బ్యాక్ నాకు అడ్డం వస్తోంది. నా గదిలో ఉండే జార్ఖండ్ అమ్మాయి అగస్టీనా రెండో గోల్‌కీపర్. నేను తప్పుకుంటే చోటు ఆమెది. నిన్న భోజనాల దగ్గర ఆమె, ఆ ఫుల్‌బ్యాక్ గుసగుసలాడుతున్నారు. నేను వెళ్లగానే నోళ్లు మూతపడ్డాయి. ఆగస్టులో పోటీలకు జర్మనీకి పోవాలి.

పోయిన నెల ప్రాక్టీసులో బంతి హెల్మెట్‌కు గట్టిగా తగిలి తల తిరిగింది. ఇప్పుడు బాగానే ఉన్నాను.

నీ మిస్బా


నాగర్‌కర్నూలు,
20 జూన్ 2003

నా బంగారు మిస్బాకు,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. "పక్కల పామును పెట్టుకుంటే నిద్రెట్ల పడ్తదే ఆ పిల్లకు" అంది. నాకూ అదే అనిపిస్తోంది. గద్వాల పోటీలప్పుడు నా స్టిక్ విరిచిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. చోటు కోసం మనుషులు ఏమైనా చేస్తారు. జర జాగ్రత్తగా ఉండు. వచ్చే నెల మీ జట్టు హైదరాబాద్‌లో ఆడుతుందట కదా. నా కళ్లతో నేనే చూస్తాను.

నీ నవనీత


బెంగుళూరు,
2 జులై 2003

ప్రియమైన నవ్వీ,

తప్పకుండా రా. నా గ్లవ్స్ ఇప్పుడు పెట్టెలో పెట్టి తాళం వేస్తున్నాను. అగస్టీనా ఇచ్చిన టీ తాగడం మానేశాను. నిన్న ఆమె మా గది తలుపు సగం తెరిచి వదిలేసింది. గుద్దుకుని నా ఎడమ భుజం వాచింది. "కనిపించలేదా?" అని అడిగింది. ఎంత అమాయకంగా అడిగిందో. కావాలనే చేసి, పైగా ఆ మాట.

నీ మిస్బా


నాగర్‌కర్నూలు,
15 జులై 2003

ప్రియమైన మిస్బాకు,

తిట్టుకున్నా సరే, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

హైదరాబాద్‌లో నేను నీ గోల్ వెనకే కూర్చున్నాను. రెండో గోల్ పడినప్పుడు నీ ముందు ఎవరూ లేరు. బంతి గోల్ లోపలి చెక్క పలకకు తగిలి చప్పుడయ్యాకే నీ కాలు కదిలింది. ఆట అయ్యాక నీ ఎడమ పక్కకు వచ్చి, పిలవకుండా చెయ్యి చాచాను. నువ్వు చూడలేదు. భుజం పట్టుకుంటే ఉలిక్కిపడి "ఎప్పుడొచ్చినవే" అన్నావు.

నాకు ఆ అమ్మాయి మీద అనుమానం పోయింది. నీ ఎడమ కన్ను మీద పుట్టింది. దవాఖానకు పో మిస్బా.

నీ నవనీత


బెంగుళూరు,
21 జులై 2003

నవనీత గారికి,

అగస్టీనా మీతో ఏం మాట్లాడింది? ఎప్పటి నుంచి స్నేహం? కంటి జబ్బని పుకారు పుడితే నన్ను జట్టులో ఎవరుంచుతారో మీకు తెలియదా? మీరు జిల్లా జట్టు దాటలేదు. ఆ కడుపుమంట ఇన్నాళ్లకు బయటపడింది. జర్మనీకి పోయేది నేనే. ఇక ఉత్తరాలు వద్దు.

మిస్బా


హైదరాబాద్,
18 ఆగస్టు 2003

ప్రియమైన నవ్వీ,

రాయొద్దన్నాను, నువ్వు రాయలేదు. ఇది కంటి దవాఖాన నుంచి రాస్తున్నాను. గీతలు వంకరపోతే ఏమనుకోకు.

ఆ ఉత్తరం పోస్టు చేసి గదికి వచ్చాను. నువ్వు అబద్ధం చెప్పావని రుజువు చేయాలని కుడి కన్ను మూసుకున్నాను. తలుపు ఉంది, గోడ సగమే ఉంది. అగస్టీనా మంచం లేదు. ఆ లేనిచోటు నుంచే "ఏమైంది?" అన్న ఆమె గొంతు వచ్చింది.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"అనుమానం ఉండేది. నేను చెప్తే నీ చోటు కోసం చెప్పాననుకుంటావు. అందుకే నీకు ఎడమ పక్కన దగ్గరగా నిలబడమని ఫుల్‌బ్యాక్‌ను బతిమాలాను" అంది.

అవీ ఆ గుసగుసలు. వాళ్లు నన్ను కాపాడుతున్నారు, నేను గ్లవ్స్‌కు తాళం వేసుకున్నాను. తెల్లారి కోచ్‌కు నేనే చెప్పాను. అగస్టీనా నా పెట్టె మోసుకొచ్చి రైలెక్కించింది.

ఆ హెల్మెట్ దెబ్బకే కంటి వెనక పొర ఊడిందట. ఆపరేషన్ చేశారు. కొంత చూపు నిలుస్తుంది, ఇక గోల్ ముందు నిలబడొద్దన్నారు. నీకు కడుపుమంట అని రాసిన ఆ మాట గుర్తొస్తే పడుకోలేకపోతున్నాను. వచ్చి, ఎదురుగా కూర్చుని తిట్టు.

పొద్దున అబ్బా పేపరు చదివి వినిపించాడు. జర్మనీలో మనవాళ్లు రెండు–ఒకటితో ఓడిపోయారు.

"అగస్టీనా ఎన్ని ఆపిందో రాసిండ్రా అబ్బా?" అని అడిగాను.

పేపరంతా వెతికి మడిచి పక్కన పెట్టాడు. "లేదు బేటీ. లోపల పడ్డయే రాస్తరు. ఆపినయి ఎవరు రాస్తరు?" అన్నాడు.

నీ రాక కోసం చూస్తుంటాను.

మిస్బా