ఖాళీగా వదలని గడి

క్లెమెంటి, సింగపూర్
12 ఆగస్టు 2025, మంగళవారం

ఈ రోజు పనులు: రెండు విడతల బట్టలు ఉతికి గడలకు ఆరేయడం, ఇడ్లీకి పిండి రుబ్బడం, బియ్యం డబ్బా కడిగి ఎండబెట్టడం, మా అమ్మాయి నిఖిల ఫుట్‌బాల్ బూట్ల బురద వదిలించడం. నాలుగూ అయ్యాయి. అయిదోది ఈ ఉత్తరం.

నా తారక్కకు,

ఫోన్లో చెబితే సగంలోనే "పోన్లేవే" అనేస్తావు. చివరిదాకా వింటావని రాస్తున్నాను.

ఇక్కడి కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ లీగ్‌లో ఎనిమిది జట్లు. తలా మూడు మ్యాచ్‌లు ఆడాక పాయింట్ల పట్టిక కట్టి, పై నాలుగు జట్లను పెద్ద గ్రూపులో, మిగతా వాటిని చిన్న గ్రూపులో వేస్తారు. ట్రోఫీ పెద్ద గ్రూపుకే. గెలిస్తే మూడు పాయింట్లు, సమమైతే ఒకటి. లీగ్ నడిపే నారాయణస్వామి అంకుల్ ఈ ఏడు పట్టిక నాకు అప్పగించారు. ఆయన మనవాళ్ళే, తాతల నాడే ఇక్కడికి వచ్చిన కుటుంబం. "నీ నోట్‌బుక్ ఉంటే నేను మళ్ళీ చూసే పని లేదమ్మా," అన్నారు. చూడలేదు కూడా.

మూడో మ్యాచ్‌లో నిఖిల వాళ్ళు ఆడుతుండగా ఇరవయ్యో నిమిషంలో పిడుగుల సైరన్ మోగింది. అది మోగితే ఎవరైనా మైదానం వదలాల్సిందే. వాన తగ్గలేదు, ఆట మళ్ళీ మొదలవలేదు. అప్పటికి ఎవరూ గోల్ కొట్టలేదు. రిఫరీ చీటీలో ఫలితం రాయలేదు. నా సంగతి నీకు తెలుసుగా, పాలు పోయించుకోని రోజున కూడా కేలండర్‌లో సున్నా వేసేదాన్ని. ఇక్కడా ఆ గడిని ఖాళీగా వదల్లేక చెరో సున్నా వేశాను. చెరో సున్నా అంటే సమం. సమం అంటే ఒక పాయింటు. దాంతో నిఖిల జట్టుకు మూడు కాస్తా నాలుగై, మూడు పాయింట్లున్న హౌగాంగ్ జట్టును దాటి నాలుగో స్థానానికి ఎక్కింది. శుక్రవారం పట్టిక అందరికీ పంపేశాను.

శనివారం నిబంధనలు మళ్ళీ చదివాను. ఆగిన మ్యాచ్‌ను లెక్కలోకి తీసుకోకూడదు, మళ్ళీ ఆడించాలి.

అక్కా, ఎవరికీ చెప్పలేదు. నిఖిలకు కాలేజీలో ఇది చివరి ఏడు. గోల్‌కీపర్‌గా మొదటిసారి జట్టులో చోటు దొరికింది. పట్టిక చూసి నన్ను ఎత్తి తిప్పింది. హౌగాంగ్ జట్టు కెప్టెన్ ఎవరో తెలుసా? మన వీరమ్మ కూతురు శాంతి. నేను కొత్తగా వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని మార్కెట్ చూపించిన వీరమ్మ. నిన్న ఫోన్ చేసింది. "శాంతి సరిగా తినట్లేదు సూర్యా. పట్టిక కట్టింది నువ్వైతే ఇంక మాట్లాడేదేముంది అని నేనే దాని నోరు మూయించా," అంది. ఆ మాట విన్నాక నాకు ముద్ద దిగలేదు. తప్పు చేసినందుకు కాదు, మూడు రోజులు దాచినందుకు సిగ్గుగా ఉంది. నిఖిల రాగానే చెప్పేస్తాను. దాని ముఖం ఎలా మారుతుందోనని భయంగా ఉంది.

నీ చెల్లెలు
సూర్యకుమారి


17 ఆగస్టు, ఆదివారం

అక్కా,

పై ఉత్తరం పోస్టు చేసే ధైర్యం రాలేదు. రెండూ ఒకే కవరులో పంపుతున్నాను.

ఆ సాయంత్రమే నిఖిలకు చెప్పాను. అది చెంచా కింద పెట్టి, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర ‘లా’ తగిలించి, "ఫైనల్లీ లా, అమ్మా!" అంది.

"ఏమిటే ఫైనల్లీ?"

"గోల్ ముందు నిలబడ్డది నేనేగా? ఆట ఆగిపోయింది, డ్రా కాలేదని నాకు తెలీదా? ఫ్రైడే నిన్ను ఎత్తి దించాక పట్టిక మళ్ళీ చూశా."

"మరి చెప్పవేం?"

"నీ నోట్‌బుక్‌లో తప్పుందని ఈ ఇంట్లో ఎవరు చెప్తారు? నాన్న చెప్తాడా?"

నవ్వాను, ఆ వెంటనే ఏడ్చాను. అదీ రోజూ బూట్లు వేసుకుంటూ ఇదే మోస్తోందట.

అంకుల్‌కు ఫోన్ చేస్తే, "దీనికా అమ్మాయ్ అన్నం మానేశావు? చూడాల్సింది నేను. మ్యాచ్ మళ్ళీ పెడదాం లా," అన్నారు. శుక్రవారం పెట్టారు. నిఖిల వాళ్ళు రెండు గోల్స్ తేడాతో ఓడిపోయారు. పాయింట్లు సమమైనా ఎక్కువ గోల్స్ ఉన్న హౌగాంగ్‌ది నాలుగో స్థానం, మాది అయిదోది. నిఖిల ఇంటికొచ్చి ఎనిమిది ఇడ్లీలు తిని, చట్నీ ఇంకా కావాలంది.

నిన్న హౌగాంగ్‌లో వీరమ్మ ఇంటికి వెళ్ళాను. అంతా విని వీరమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఇరవయ్యేళ్ళ నుంచి చూస్తున్నా, ఎక్కడ తప్పు చేస్తావా అని. ఇప్పటికి దొరికావు! కూర్చో, మకాన్ అయ్యాకే, కడుపునిండా తిన్నాకే కదలడం."

శాంతి గదిలోంచి అరిచింది: "ఆంటీ, ఈసారి సైరన్ మోగితే పెన్ను కింద పెట్టెయ్యండి లా!"

పట్టిక కట్టే పని ఇంకా నా దగ్గరే ఉంది. ఇకపై పంపేముందు నిఖిల చూస్తుంది. వారం రోజుల తర్వాత నిన్న రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

నీ
సూర్య

వీరమ్మకు చెప్పవలసి ఉన్న క్షమాపణ: 16 ఆగస్టు, శనివారం, ఎదురుగా కూర్చుని చెప్పాను. బాకీ తీరింది.