పెదవి ముందు, పాట వెనక

అక్టోబర్ 6
కరెంటు వచ్చింది. మా వీడియో షాపులో కంప్యూటర్ ముందు కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. కాంతమ్మ ఇచ్చిన వీడియో చూస్తుంటే ఒళ్లు మండిపోతోంది. మొదట్లో తేడా తక్కువే, పోను పోను పెరుగుతుంది — పెదవి ముందు, పాట వెనక. బాసగూడలో ఆమె పెళ్లప్పుడు ఎవరో ఫోన్‌తో తీసింది. పందిట్లో నిలబడి పాట ఎత్తుకుంటున్నది వాళ్లమ్మ. పోయిన నెల జ్వరంతో పోయింది. ఆ ఫోనూ లేదు. చేతులు మారి వచ్చిన ఈ ఒక్క ఫైలే మిగిలింది. ఆదివారం ఆమె పెద్ద దినం. అందరి ముందూ ఈ వీడియోలో అమ్మ పాడాలట... చేస్తానులే చెల్లె అని నోరు జారాను.

అక్టోబర్ 7
ఫోన్ ఒక సెకనులో ఎక్కువ బొమ్మలు తీస్తుంది, ఇంకో సెకనులో తక్కువ. సాఫ్ట్‌వేరేమో అన్ని సెకన్లూ ఒకటే అనుకుంటుంది. దాని తెలివి అంత. బొమ్మలన్నీ ఒకే వేగానికి మార్చాను. ఇప్పుడు చివరిదాకా ఒకటే తేడా.
సాయంత్రం — డోలు మీద పుల్ల పడే బొమ్మ దగ్గరికి దెబ్బ చప్పుడు జరిపాను. పెదవులు కలిశాయి. హమ్మయ్య.

అక్టోబర్ 8
అన్నం తింటూ టీవీలో వార్తల అమ్మాయి పెదవులే చూస్తున్నాను. పిచ్చి పట్టేలా ఉంది.

అక్టోబర్ 9
కాంతమ్మ ఆవపల్లి సంతకు వచ్చి, అట్నుంచి షాపుకు వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.
"ఇది మా అమ్మ గొంతు గాదక్కా."
కోపమొచ్చింది. పెదవులు చూడు, డోలు చూడు అని తిప్పి తిప్పి చూపించాను. ఉహూఁ. వాళ్ల దోర్లీ భాష నాకు సగమే తెలుసు. అప్పుడు నిదానంగా చెప్పింది — అమ్మ ఒక లైను ఎత్తుకుంటుంది, వెనక ఆడవాళ్లు అదే లైను తిరిగి అంటారు, అప్పుడు అమ్మ ఊరుకుంటుంది. వాళ్లు తిరిగి అన్న ముందు లైను తెచ్చి, తర్వాతి లైను ఎత్తుకునే అమ్మ నోట్లో పెట్టాను! డోలు దెబ్బలూ, లైన్ల తూగూ అన్నీ ఒకేలా ఉంటే ఏది ఏదో నాకేం తెలుసు. తల కొట్టుకోవాలనిపించింది.
ఆమె ఎదురుగానే పాటను ఒక లైను ముందుకు జరిపాను. బొంగురు గొంతు ఒకటి వచ్చి ఆ నోట్లో కూర్చుంది. కాంతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేనూ ఏడ్చాను.

అక్టోబర్ 10
సంబరం నిలవలేదు. పాట ముందుకు జరిగితే చివర ఖాళీ. ఫైలు ఎవరి చేతిలోనో తెగినప్పుడు, వెనకబడ్డ పాట తోక కూడా తెగింది. ఆఖరి లైను. వాళ్లమ్మ కూతురి వైపు తిరిగి పాడుతోంది. నోరు కదులుతుంది, చప్పుడు లేదు.
మా ఆయన మద్దేడులో ఫంక్షన్ షూటింగ్‌లో ఉన్నాడు. ఫోన్ చేస్తే, ముందు లైనే తీసి అక్కడ అతికించు, చల్ జాయేగా, నడిచిపోతుందిలే అన్నాడు. అతికించాను. కలిసింది. నిజంగానే ఎవరికీ తెలియదు. తీసేశాను. మళ్లీ పెట్టాను.

అక్టోబర్ 11
దాచలేక కాంతమ్మకు రెండూ చూపించాను. ఆ చోట తల్లి పెళ్లికూతుర్ని పేరు పెట్టి పిలిచి, సొంతంగా ఒక మాట కట్టి చెబుతుందట. ఆ మాట ఏమిటో గుర్తులేదట. సిగ్గుతో తలొంచుకుని సరిగ్గా వినలేదట. వెనక పాడిన ఆడవాళ్లను అడిగితే తలా ఒకటి చెప్పారట.
"మైకు పెట్టక్కా. అమ్మ నోరు చూసుకుంట నేనే పాడతా."
పెట్టాను. మొదటిసారే కలుస్తోంది... తన పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయింది.
"నన్ను నేనెట్ల పిలుచుకోవాలె?"
మైకు తీసి పక్కన పెట్టాను.

అక్టోబర్ 12
దినం ఇవాళే. నిన్న కాంతమ్మ రెండింట్లో ఏది కావాలో చెప్పకుండానే వెళ్లింది. ఖాళీగా ఉంచితే, ఆ నోరు ఊరికే కదలడం ఊరంతా చూస్తుంది. అతికిస్తే ఆ తల్లి అనని మాట అవుతుంది. చిరాకు, భయం, రెండూ.
బయట బండి ఆగింది. కాంతమ్మ మొగుడు, వీడియో తీసుకుపోవడానికి. పెన్‌డ్రైవ్‌లో ఇంకా ఏదీ ఎక్కించలేదు —